కోలాటంలో ఆగిన కర్ర

ఆ సాయంత్రానికి బాలనర్సయ్య చేతిలో ఉన్న సరుకు ఇంతే. గల్లీ నడుమ ఊడ్చి నీళ్ళు చల్లించిన ఖాళీ జాగ, గంపెడు కోలాటం కర్రలు, మర్కూక్ దాకా పోయి బతిమాలి తెచ్చుకున్న ముసలి గురువు దుబ్బయ్య, పిలిస్తే వచ్చి నిలబడుతున్న ఇరుగుపొరుగు మగవాళ్ళు కొందరు, ఇంట్లో మూటలు కట్టి పెట్టుకున్న భార్య లచ్చవ్వ. వీటికి తోడు ఒక గడువు. అది తను పెట్టుకున్నది కాదు, లచ్చవ్వ పెట్టింది. పెత్రమాస దాకా అంది. బతుకమ్మ మొదలయ్యే ఆ అమావాస్య ఎల్లుండే.

ఆ గడువు ఎందుకు వచ్చిందో తలుచుకున్నప్పుడల్లా అతనికి గద్దె మీద కూర్చోబుద్ధి కాదు. లేచి దుకాణంలోనే అటూ ఇటూ తిరుగుతాడు. సర్దిన డబ్బానే మళ్ళీ సర్దుతాడు.

కిందటి నెల దుకాణం వెనక కొట్టం కాలిపోయింది. సిద్దిపేటలో అది కొత్త గల్లీ. ములుగు నుంచి కొందరు, కొండపాక నుంచి కొందరు, యుద్ధం కరువులో పని వెతుక్కుంటూ వచ్చి తలా ఒక గది కిరాయికి తీసుకున్నవాళ్ళు. ఒకరి గడప ఒకరు తొక్కరు. పొద్దుగూకితే తలుపులు పడతాయి. ఆ తర్వాత ఎవరు కొట్టినా తీయరు. యుద్ధం ముగిసి ఏడాదైనా, చీకట్లో తలుపు కొట్టేది తిండిగింజల కంట్రోలు పేరుతో సోదా చేసే సర్కారు వాళ్ళేనన్న భయం పోలేదు. కొట్టం కాలిన రోజూ పొద్దుగూకాక ఎవరో కొట్టారు. బాలనర్సయ్య సోదా అనుకుని అడ్డగడియ పెట్టి, దానికి ఒక పల్లీల బస్తా కూడా ఆనించాడు. పొగ లోపలికి వచ్చేదాకా వెనక కొట్టం అంటుకున్న సంగతే తెలియలేదు. మొగుడూ పెళ్ళాం ఇద్దరే నీళ్ళు తోడి పోశారు. గల్లీలో ఒక్క తలుపూ తెరుచుకోలేదు.

దుకాణం మిగిలింది. కొట్టానికీ దుకాణానికీ నడుమ ఉన్న తాటాకు పందిరి మాత్రం కుప్పగా పడి ఉంది. దాని తాళ్ళు కత్తితో నున్నగా తెగి ఉన్నాయి. తెల్లవారి బాలనర్సయ్య ఆ తాళ్ళ కొసలు పట్టుకుని లెక్క వేశాడు. దొంగ పందిరి కోసి లోపలికి దిగబోయాడు, వాడి చేతి నిప్పు జారి కొట్టం అంటుకుంది. అంత నున్నగా తెగేది కల్లు గీసే కత్తికే. గల్లీలో ఆ కత్తి ఉన్నది గీత పని చేసే గౌడు పర్శరాములు ఒక్కడి ఇంట్లోనే. పాన్‌డబ్బా దగ్గర నిలబడి, పేరు ఎత్తకుండానే, "గీత కత్తి కల్లుకే వాడుతరనుకుంటిమి" అన్నాడు. విన్నవాళ్ళు నవ్వారు. మాట గల్లీ అంతా తిరిగింది.

లచ్చవ్వ మాత్రం నవ్వలేదు. బీరువా తెరిచి బట్టలు మూట కట్టింది.

"మనం ఇంట్ల కాలి బూడిదైనా ఈడ అడిగెటోడు లేడు. పెత్రమాస దాకా చూస్త. మనకు ఆపద వస్తె లేశి వచ్చెటోడు ఒక్కడన్న ఈ గల్లీల ఉన్నడని చూపెట్టు. లేకుంటె దుకాణానికి తాళమేసి కొండపాక పోదాం."

మూటలు విప్పించాలంటే ముందు గల్లీలో తలుపులు తెరిపించాలి. వ్యాపారి గనక ఏ సరుకు ఈ బజారులో చెల్లుతుందో ఒక్కొక్కటే తూచి చూశాడు బాలనర్సయ్య. భజన పెడితే దవాఖానలో కాంపౌండరు దేవదాసు రాడు, ఆయన ఆదివారం చర్చికి పోయే మనిషి. పేకముక్కలతో పత్తాలాట పెడితే ఓడినవాడు మరునాటి నుంచి మొహం తిప్పుకుంటాడు. విందు పెడదామంటే ఎవరి చేతి కూడు ఎవరు తింటారన్న పేచీ విస్తరి వేయకముందే లేస్తుంది. కోలాటంలో ఈ తంటా ఏదీ లేదు. గెలుపూ ఓటమీ లేవు. చెయ్యికి చెయ్యి తగలదు, కర్రకు కర్ర తగులుతుంది. పైగా లోపలి వరస నిలబడి ఉంటే బయటి వరస జరుగుతూ పోతుంది. పాట అయ్యేలోగా బయటివాడు లోపలివాళ్ళలో ప్రతి ఒక్కరికీ ఎదురుపడి తీరాలి. ఇష్టం ఉన్నా లేకున్నా.

మొదటి రోజు తొందరపడి ఇంటింటికీ పోయి, "మన గల్లీకి ఒక సంగం పెడదాం" అన్నాడు. అనగానే తలుపులు పడ్డాయి. పల్లెల్లో సంగం పేరు చెప్పి జనం దొరల మీద తిరగబడుతున్న కాలం అది. దేవదాసు గడపలోనే చేతులు జోడించి, "శేటు, నాది సర్కారు నౌకరి. గా మాట మా ఇంటిముందర అనకు" అన్నాడు. బాలనర్సయ్య మరునాడు అదే సరుకుకు పేరు మార్చి తిప్పాడు. సంగం కాదు, ఏమీ కాదు, పొద్దుగూకే ముందు కాసేపు కోలాటం. అప్పుడు వచ్చారు. ముందు ఇద్దరు ముగ్గురు, తర్వాత వాళ్ళను చూసి మిగతావాళ్ళు. దేవదాసు కూడా వచ్చాడు, దేవుళ్ళ పాటలు కాకుండా పంటల పాటలు పాడితేనే ఆడతానని ముందే మాట తీసుకుని.

పర్శరాములు కూడా వచ్చాడు. అతన్ని బాలనర్సయ్య పిలవలేదు. దుబ్బయ్యే, కొత్త మనిషి కాబట్టి గల్లీలో ఎవరికెవరికి పడదో తెలియక, తాటివనం నుంచి వస్తున్నవాణ్ణి ఆపి చేతిలో కర్రలు పెట్టాడు. రోజూ వస్తున్నాడు. రోజూ ఒక పని చేస్తున్నాడు. వరస జరిగి జరిగి బాలనర్సయ్య తన ఎదురుగా వచ్చేసరికి కర్ర కిందికి దించేస్తాడు.

ఇవాళ అది మరీ కనబడేట్టుగా జరిగింది.

"జొన్నచేనుకు కావలెవ్వరే" అని దుబ్బయ్య ఎత్తుకున్నాడు.

"మంచె మీద మామ ఉన్నడే" అని గుంపు అందుకుంది.

కర్రలు టక్కుటక్కున తగులుతున్నాయి. వాన వెలిసిన నేల మీద కాళ్ళు కదులుతున్నాయి. ఒక్క పర్శరాములు దగ్గర మాత్రం చప్పుడు వేరుగా ఉంది. రెండు దెబ్బలు గబగబా, కొంచెం ఆగి, ఒకటి బరువుగా.

దుబ్బయ్య పాట ఆపకుండానే గదమాయించాడు. "ఓ పర్శరాములూ, గదేం కొట్టుడురా? నడుమల కునుకు తీస్తున్నవా?"

"చెట్టెక్కే అలవాటు తాతా. రెండడుగులేసి నడుముకున్న మోకుతాడు మీదికి జరుపుతం. కాలు ఆగితె చెయ్యి గూడ ఆగుతది."

"ఇది తాడిచెట్టు కాదు, నేల. కింద పడవు గని కొట్టు."

అందరూ నవ్వారు. బాలనర్సయ్య ఇంటి గడపలో కూర్చుని లాంతరు గ్లాసు తుడుస్తున్న లచ్చవ్వ మాత్రం తుడవడం ఆపి, తల ఒకవైపు వంచి వినసాగింది.

వరస జరిగింది. బాలనర్సయ్య పర్శరాములు ఎదుటికి వచ్చాడు. కర్ర ఎత్తి కొట్టాడు. అవతల కర్ర లేదు. కొట్టిన ఊపుకు ముందుకు తూలాడు. వెనకవాడు వచ్చి అతని వీపుకు తగిలాడు. వరస మొత్తం చెదిరిపోయింది.

"శేటు గాలిని కొడుతుండు, దోమలున్నట్టున్నయి" అని ఎవరో వెనక నుంచి అన్నారు.

బాలనర్సయ్య నిలదొక్కుకుని చెమట తుడుచుకున్నాడు. రేపొక్క రోజే ఉంది. ఈ గుంపు రోజూ ఇక్కడే, ఈ ఒక్క మనిషి దగ్గరే కుంటుతోంది. తక్కెడలో ఎక్కడ తేడా ఉందో తెలిశాక కూడా ఊరుకునే అలవాటు అతనికి లేదు.

"ఏంది గౌడూ, నా కర్ర తగిలితె నీ కర్ర అరుగుతదా?"

"అరగదు శేటు. ఇది గూడ కత్తే అంటవేమోనని."

పాట ఆగింది. దుబ్బయ్య ఒకరి మొహం తర్వాత ఒకరి మొహం చూశాడు.

"నేను పేరు ఎత్తిన్నా?" అన్నాడు బాలనర్సయ్య.

"పేరెందుకు ఎత్తుడు? ఈ గల్లీల చెట్టెక్కెటోన్ని నేనొక్కన్నే. నువ్వన్న తెల్లారి సంది మా ఇంటిది బావికాడికి పోతలేదు. పోతె ఆడోళ్ళు మూతులు తిప్పుతున్నరంట. అవతలి గల్లీకి పోయి నీళ్ళు మోసుకొస్తుంది. గది నీకు ఎరికనా?"

ఎరుక లేదు. అయినా చేతిలో ఉన్న రుజువును అంత తేలిగ్గా వదిలే మనిషి కాదు బాలనర్సయ్య. "మరి మా పందిరి తాళ్ళు తెంపిందెవరు?"

"నేనే."

దేవదాసు గొంతు సవరించుకున్నాడు. తన లెక్క సరిగ్గా వచ్చిందన్న సంబరం బాలనర్సయ్య మొహంలోకి ఇంకా పూర్తిగా రాలేదు, గడప దిగి లచ్చవ్వ వచ్చేసింది. మగవాళ్ళు గుమిగూడిన చోటికి ఆమె ఎన్నడూ వచ్చింది లేదు. గంపలోంచి ఒక కర్ర తీసుకుని వెనక్కి పోయి, తమ వీధి తలుపు మీద కొట్టింది. రెండు దెబ్బలు గబగబా, కొంచెం ఆగి, ఒకటి బరువుగా.

"ఆ దినం గిట్ల కొట్టింది నువ్వే గద తమ్మీ."

పర్శరాములు తల ఊపాడు. "నేనే అవ్వా. వనం కాడికెల్లి వస్తున్న. మీ కొట్టం మీద పొగ కనవడ్డది. తలుపు కొట్టిన. శేటు, శేటు అని పిలిచిన. లోపల ఏందో జరిపిన సప్పుడైంది. తీస్తుండ్రు అనుకున్న."

ఆ చప్పుడు పల్లీల బస్తాది. బాలనర్సయ్య ఆ తలుపు వైపు తిరిగి చూశాడు.

"శేటూ అని సోదోళ్ళు గూడ గట్లనే పిలుస్తరు తమ్మీ" అంది లచ్చవ్వ మెల్లగా.

"తీయలేదు. ఇగ ఆగితె పని కాదని ఎనకకు ఉరికిన. అప్పటికే మంట పందిరికి అందుకుంటుంది. పందిరి అంటుకుంటె అది దుకాణం కప్పు మీదికే పోతది. నీళ్ళు లెవ్వు, మనిషి లేడు. నడుముకు కత్తి ఉన్నది. తాళ్ళు తెంపి పందిరి కూలగొట్టిన."

"తెంపినోడివి నిలబడి చెప్పొద్దా?" బాలనర్సయ్య గొంతులో పాత బిగువు తగ్గింది గానీ ప్రశ్న మాత్రం ఆగలేదు.

"మీరు బిందెలు పట్టుకొని బయటికొస్తుండ్రి. చీకట్ల, చేతుల కత్తి పట్టుకొని మీ పెరట్ల నేను నిలవడి ఉంటె నువ్వేమనుకుంటవు శేటు? గోడ దుంకి పోయిన." పాన్‌డబ్బా ఉన్న దిక్కుగా కర్ర చూపించాడు. "తెల్లారి నువ్వు అనుకోనే అనుకుంటివి."

"మరి నిప్పు?"

"కొట్టం గోడకు పొయ్యి బూడిద పోసిన్రు. అండ్ల కణికలు బతికే ఉండె."

లచ్చవ్వ తల దించుకుంది. ఆ బూడిద ఎవరు పోశారో ఆ ఇంట్లో అడగవలసిన పని లేదు.

బాలనర్సయ్య కర్రలు రెండూ ఒక చేతిలోకి మార్చుకున్నాడు. మళ్ళీ రెండో చేతిలోకి మార్చుకున్నాడు. కత్తి గీత కత్తే, తెంపింది గౌడే, తాళ్ళు తన పందిరివే. వేసిన అంకెలన్నీ సరైనవే, మొత్తం మాత్రం తప్పు. ఇట్లాంటిది దుకాణంలో ఎన్నడూ జరగలేదు. జరిగి ఉంటే ఏం చేయాలో తెలిసేది. సరుకు వెనక్కి తీసుకుని మంచిది ఇచ్చేవాడు. అన్న మాటను వెనక్కి తీసుకోవడం అతనికి కొత్త పని.

"మాట పాన్‌డబ్బాకాడ అన్న" అన్నాడు చివరికి, అందరికీ వినబడేట్టు. "తప్పు మాట అన్న. రేపు పొద్దుగాల మళ్ళ గాడనే నిలవడి, తప్పని అంట."

"నాకేం గావాలె శేటు. ఇంటిది బావికాడికి పోవాలె."

"రేపు నేనే తోల్కపోత" అంది లచ్చవ్వ. "నా బిందెతోని ఆమె బిందె నింపుత. ఎవలు మూతి తిప్పుతరో చూస్త."

దేవదాసు నవ్వాడు. "అవ్వ వస్తె తిప్పిన మూతులు అట్లనే ఉంటయి. మళ్ళ దవాఖానల నేనే సరిచెయ్యాలె."

ఆ మాటకు బిగుసుకున్న గుంపు కాస్త వదులైంది. దుబ్బయ్య పంచె ఎగదోపుకుని, ఇక నిలబడండిరా అంటూ మళ్ళీ వరస సరిచేశాడు. పర్శరాములు బాలనర్సయ్య ఎదుట నిలబడ్డాడు. ఈసారి కర్ర దించలేదు. దుబ్బయ్య పాట ఎత్తుకోబోయాడు.

"క్యా హోరా యే?"

గల్లీ మొదట్లో పోలీసు జవాను నిలబడి, ఏం జరుగుతోందని ఉర్దూలో అడుగుతున్నాడు. చంకలో లాఠీ. వెనక ఇంకొకడు. అరుగుల మీద ఆడవాళ్ళు లోపలికి లేచిపోయారు. ఒకటి రెండు తలుపులు పడ్డాయి కూడా.

జవాను నింపాదిగా వచ్చి గంపలోంచి ఒక కర్ర తీసి, అరచేతి మీద కొట్టుకుని చూశాడు. "కట్టెలు పట్టుకొని రోజు జమ అయితున్నరంట. ఠానాల అమీన్ సాబ్‌కు ఖబర్ పోయింది. సర్కారు ఇజాజత్ కాయిదం ఉన్నదా?"

"కోలాటం సాబ్" అన్నాడు దుబ్బయ్య. "పాట పాడుకుంట కొట్టుకుంటం."

"ఎవలను కొడుతరు?"

"కట్టెకు కట్టె సాబ్. మనిషిని గాదు."

"కోలాటమో సంగమో అమీన్ సాబ్ ముంగట చెప్పుండ్రి. సంగం పెడదామని ఇండ్లిండ్లు తిరిగినోడు ఎవడో ఉన్నడంట. ఈ జమాతుకు పెద్ద ఎవడు? ముంగటికి రావాలె."

బాలనర్సయ్య తన చేతిలో కర్రల వైపు చూసుకున్నాడు. ఇండ్లు తిరిగింది తనే, కర్రలు చెక్కించింది తనే. ఒక్క అడుగు ముందుకు వేస్తే చాలు. కానీ ఆ అడుగు వెంబడే ఏమేం వస్తుందో అతని బుర్ర అప్పటికే లెక్క కట్టేసింది. తను ఠానాలో కూర్చుంటే వీళ్ళు దుకాణంలో దూరతారు. జొన్నల బస్తాలు, కందిపప్పు, బెల్లం అన్నీ బయట పడేస్తారు. వంకర లేని సరుకుకు కూడా కంట్రోలు కాలంలో వంక దొరుకుతుంది. కొట్టం పోయినా దుకాణం మిగిలింది. ఇప్పుడు అదీ పోతుంది. వెళ్ళాలి. వెళ్ళకూడదు. కాలి వేళ్ళు నేలను గట్టిగా పట్టుకున్నాయి. లచ్చవ్వ తననే చూస్తోందని తల తిప్పకుండానే తెలుస్తోంది.

"నేనే సాబ్."

అన్నది పర్శరాములు.

"కట్టెలు చెక్కిచ్చింది నేనే, మందిని పిలిచింది నేనే. వీళ్ళకేం ఎరిక లేదు."

"నీ పేరు?"

చెప్పాడు. జవాను అతని చేతిలో కర్రలు లాక్కుని రెండోవాడికి ఇచ్చాడు. నడువు అన్నట్టు లాఠీతో చూపించాడు. బాలనర్సయ్య పక్క నుంచి పోతూ పర్శరాములు గొంతు తగ్గించి అన్నాడు.

"నువ్వు పోతె దుకాణం సోదా చేస్తరు. నా ఇంట్ల ఏమున్నది, మోకు, కుండలు. మా ఇంటిదానికి చెప్పు, బుగులు పడొద్దని."

వాళ్ళు గల్లీ మలుపు తిరిగారు. తర్వాత బాలనర్సయ్య భార్య వైపు తిరిగాడు. లచ్చవ్వ ఏడవడం లేదు. ఇంట్లోకి పోయి అతని టోపీ, పై కండువా తెచ్చి చేతిలో పెట్టింది. తెరిచి ఉన్న తలుపు లోపల, మూటల్లో ఒకటి విప్పి ఉంది.

"ఆపదకు లేశి వచ్చెటోన్ని చూపెట్టమన్న. చూపెట్టినవ్. ఇగ ఆయన్ని తోల్కరా."

"దుకాణం?"

"నేను కూసుంట. సోదోళ్ళు వస్తె రానియ్యి."

బాలనర్సయ్య టోపీ పెట్టుకుని నడిచాడు. వెనక అడుగుల చప్పుడు విని తిరిగి చూస్తే దేవదాసు. సంగం మాట తన ఇంటి ముందు అనవద్దని చేతులు జోడించిన మనిషి.

"కాంపౌండరూ, నీది సర్కారు నౌకరి."

"ఎరికే. అమీన్ సాబ్‌కు జరమొస్తె నేనే మందు కలిపి ఇచ్చిన. మొహం గుర్తుపడుతడేమో. నడువు."

అతని వెనక దుబ్బయ్య. అతని వెనక ఇంకా ఎవరో, మొహాలు సరిగా కనబడలేదు. బాలనర్సయ్య ఆగి చూడలేదు. అడుగు సాగించాడు.

మలుపు దాటాక ఠానా దారి తిన్నగా ఉంటుంది. దీపాలు పెట్టే వేళ అయినా మనిషిని ఆనవాలు పట్టేంత వెలుగు ఇంకా ఉంది. ఆ దారిలో జవాను లేడు. పర్శరాములు లేడు. పెద్ద సడక్ అంచున, ఠానా వైపు కాకుండా ఊరి బయటికి మొహం పెట్టి, ఇంజను ఆపకుండా ఒక పోలీసు లారీ నిలబడి ఉంది. దాని మీద అప్పటికే కొందరు మనుషులు, చుట్టుపక్కల పల్లెల నుంచి పట్టుకొచ్చినట్టున్నారు, మోకాళ్ళ మీద తలలు పెట్టుకుని కూర్చున్నారు. పర్శరాములును వెనక నుంచి పైకి ఎక్కిస్తున్నారు. ఎక్కేవాడి కాలు అలవాటు ప్రకారం రెండడుగులు వేసి ఆగింది. జవాను నెట్టాడు.

బాలనర్సయ్య పరుగెత్తాడు. పరుగెత్తుతూనే, ఎంత వద్దనుకున్నా, బుర్ర తన పని తాను చేసుకుపోయింది. ఇవాళ తనకు వచ్చినవి: పోయిందనుకున్న ఇల్లు ఈ గల్లీలోనే నిలిచింది, భార్య మూట విప్పింది, తలుపులు వేసుకునే మనుషులు తన వెనక నడిచి వచ్చారు, తను ఎవరిని దొంగ అన్నాడో వాడే తన బదులు నిలబడ్డాడు. ఇన్నేళ్ళ వ్యాపారంలో ఒక్క పొద్దులో ఇంత రాబడి ఎన్నడూ చూడలేదు.

దానికి బదులుగా పోయింది ఒక్కటే. అది లారీ మీద ఉంది, లారీ కదిలింది.